ఒక్క మనిషి కుడితి

కనిగిరి నుంచి వచ్చే బస్సు బోడిదిన్నె మలుపులో ఆగి తీరాలన్న రూలేమీ లేదు. ఆగకపోయినా అడిగే నాథుడు లేడు. అయినా శనివారం పొద్దున మాత్రం డ్రైవరు అక్కడ బ్రేకు మీద కాలు వేస్తాడు. భుజాన సంచీ, చేతిలో సీసాల పెట్టె పట్టుకుని డాక్టర్ ఇందుమతి దిగుతుంది. ఇలా దిగడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది.

డాక్టరంటే సూదులు వేసే డాక్టరు కాదని ఊరికి నచ్చజెప్పేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి నెలంతా మోకాళ్ళ నొప్పులవాళ్ళే ఎదురొచ్చారు. ఇప్పుడా బాధ లేదు. ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిలేదు, కుడితి మేడమ్మ అంటే పసిపిల్లలు కూడా చెయ్యి చూపిస్తారు.

బోడిదిన్నెకు మూడు వైపులా రాతిగుట్టలు. ఎప్పుడో ఎవరో వచ్చి కరెంటు స్తంభాలు పాతి వెళ్ళారు కానీ, తీగ లాగడానికి మళ్ళీ రాలేదు. ఆ స్తంభాల వైపు జనం కొన్నాళ్ళు ఆశగా చూశారు, తరవాత దండేలు కట్టుకుని బట్టలారేసుకున్నారు. కిరసనాయిలు దీపం, కట్టెల పొయ్యి, పొగకు ఎర్రబడ్డ కళ్ళు. ఇందుమతి కుండలు వచ్చేదాకా ఊరి బతుకు ఇదే.

మొదటి ఇల్లు తిరపతమ్మది. భర్త, అత్త, ఇద్దరు పిల్లలు. ఇందుమతి లోపలికి వెళ్ళేసరికి ఆమె బియ్యం కడిగిన నీళ్ళు మూలనున్న పెద్ద మట్టికుండలో పోస్తోంది. వెనకాలే రాత్రి మిగిలిన గంజి, చింతపండు పిప్పి, వంకాయ తొడిమలు, పిల్లలు వదిలేసిన ఎంగిలి మెతుకులు. కుండ అడుగున నల్లటి మడ్డి ఉంటుంది. కంటికి కనబడని జీవులు ఆ మడ్డిలో కాపురముంటాయి. పోసిన కుడితి తిని, ఒంట్లోంచి కరెంటు వదులుతాయి. కుండలో నిలబెట్టిన బొగ్గు పలకలు ఆ కరెంటును పట్టి, పక్కనున్న బ్యాటరీకి చేరుస్తాయి. పూటకు ఒకసారి కరెంటు వంటపలక వేడెక్కడానికి, సాయంత్రం రెండు బల్బులు వెలగడానికి అయిదుగురున్న ఇంటి కుడితి సరిగ్గా సరిపోతుంది.

తిరపతమ్మ అత్త వంటపలక ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పూర్వం పొయ్యి దగ్గర ఆమె కళ్ళు ధారలు కట్టేవి. ఇప్పుడు కళ్ళు తుడుచుకునే పని తప్పింది కాబట్టి, ఆ తీరికంతా కోడలి వంటకు వంకలు పెట్టడానికి వాడుతోంది. ఇందుమతికి ఆ సణుగుడు వినడం ఇష్టం. తను చేసిన మేలు ఆ సణుగుడులో వినబడుతుంది ఆమెకు. కుండ మీటరు చూసి, సీసాలో కాస్త మడ్డి నింపుకుని, పక్క ఇంటికి నడిచింది.

అన్ని ఇళ్ళూ అయ్యాక ఆఖరున మాలకొండమ్మ ఇల్లు. ఊరి చివర, నాపరాళ్ళు కప్పిన ఒంటిగది. ఆమె భర్త పొగాకు ఆకును వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్‌లో మంట వేసే పని చేసేవాడు. ఆ పొగతోనే ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. పిల్లలు లేరు. కూలి పనికి పోవడం, రావడం, తలుపు వేసుకోవడం. శనివారం మాత్రం ఆమె పనికి పోదు. గడపకు ముగ్గు వేసి, చాప పరిచి, తోమిన గ్లాసుతో మంచినీళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. గడప ముందు చెప్పుల చప్పుడు వినగానే లేచి నిలబడుతుంది.

"ఎంత చూపిస్తందమ్మా?" అని అడిగింది ఆ రోజు కూడా.

"బ్రహ్మాండంగా ఉంది. తిరపతమ్మ వాళ్ళ కుండకు ఏం తీసిపోలేదు," అంది ఇందుమతి.

ఆమె మొహం విప్పారింది. తరవాత దగ్గు వచ్చి, మొహం పక్కకు తిప్పుకుని చాలాసేపు దగ్గింది. చిక్కిపోయింది కూడా. ఆసుపత్రికి వెళ్ళమని ఇందుమతి గట్టిగానే చెప్పింది. చెప్పి, మళ్ళీ మీటరు వైపే చూసింది. నిజానికి ఆమెకు ఆ అంకెల మీద ఉన్నంత ధ్యాస మనిషి మీద లేదు, అందుకు కారణం కూడా ఉంది.

మిగతా ఊళ్ళలో ఒంటరి మనుషుల ఇళ్ళలో పెట్టిన కుండలన్నీ చచ్చిపోయాయి. ఒక్కరు కడిగే గుప్పెడు బియ్యం నీళ్ళు మడ్డికి ఏ మూలకూ చాలలేదు. రెండు నెలలు వరసగా వెలగని కుండను ప్రయోగంలోంచి తీసేయాలన్నది నియమం. బోడిదిన్నెలో కుండలు పెట్టిన రోజున ఆ మాట ఊరందరి ముందూ చదివి వినిపించింది ఇందుమతే. మాలకొండమ్మ కుండ కూడా మొదట మిణుకుమిణుకుమంటూ ఆరిపోయే దశకు వచ్చింది. గడువు దగ్గర పడుతుండగా ఒక శనివారం వచ్చి చూస్తే ధగధగా వెలుగుతోంది. ఆ వెలుగు మళ్ళీ తగ్గలేదు. ఒక్క మనిషి కుడితితో అయిదుగురి ఇంటికి సమానంగా కరెంటు వస్తోందంటే, ఆ మడ్డి తక్కువ తిండితో ఎక్కువ పని చేయడం నేర్చుకుందన్నమాట. ఇందుమతి ఆ రాత్రి పట్నానికి తిరిగివస్తూ, బస్సు కిటికీ పక్కన కూర్చుని తనలో తను నవ్వుకుంది.

పట్నంలో ఆమెకు ఎదురుచూసేవాళ్ళు లేరు. పరిశోధన సంస్థ వెనకాల క్వార్టర్సులో రెండు గదులు. లేవగానే లాబ్, పొద్దుపోయాక క్వార్టరు. పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు ఒక్కొక్కరే కాలం చేశారు. దాని గురించి దిగులు పడేంత ఖాళీ కూడా ఆమె తనకు తాను ఇచ్చుకోలేదు.

కుడితి తిని కరెంటు వదిలే ఆ జీవి దొరికింది హాస్టలు వంటశాల వెనకాల మురికి గుంటలో. వందల మంది విద్యార్థుల కంచాలు కడిగిన నీళ్ళు అక్కడ చేరేవి. గుంట అడుగున మడ్డిలో ఇనప గొలుసు ఒకటి పడి ఉంటే, దాన్ని ముట్టుకున్న పనిమనిషి చెయ్యి జిల్లుమంది. దయ్యం పట్టిందని అందరూ పక్కకు తప్పుకుంటే ఇందుమతి అక్కడే గొంతుక్కూర్చుంది. ఆ కూర్చోవడం కొన్నేళ్ళు సాగింది. చివరికి నిధుల కోసం పంపిన పత్రంలో ఆమె మొదటి వాక్యం ఇలా రాసింది: ప్రతి పల్లె ఇంట్లోనూ ఎవరికీ అక్కరలేని నీరు ఒకటి ఉంది, దాంతో దీపం వెలిగించవచ్చు. ఆ వాక్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. కుడితి నిజంగా ఎవరికీ అక్కర్లేనిదేనా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు.

సోమవారం నాడు డైరెక్టరు ఆమెను గదికి పిలిచి స్వీటు తినిపించాడు. ఆయన మంచివాడే, తొందర మనిషి. కొండల్లోనూ గుట్టల్లోనూ తీగ లాగడం కష్టమైన ఊళ్ళన్నింటికీ కుండలే ఇవ్వాలని పైవాళ్ళు మొగ్గు చూపుతున్నారనీ, ఇంతకాలం ఒంటరి ఇళ్ళ దగ్గరే బండి ఆగిపోయిందనీ, బోడిదిన్నె అంకెలు ఆ అడ్డు కూడా తీసేశాయనీ చెప్పాడు. కుండ ఇచ్చిన ఇంటికి ఇక గ్యాసు బండ ఇవ్వక్కర్లేదు. ఆ ఊళ్ళకు తీగ పథకమే మానుకోవచ్చు. వితంతువులు, వదిలేసిన ఆడవాళ్ళు, దిక్కులేని ముసలివాళ్ళు ఎన్ని వేలమందో. ఇందుమతి ఒక్క సంతకం పెడితే అందరికీ కుండలు వెళ్తాయి. కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు.

ఇందుమతి ఆ సాయంత్రమే సంతకం పెట్టేదే. పెట్టేముందు మాలకొండమ్మ సీసాను ఒకసారి తనివితీరా చూసుకుందామనుకుంది. మూత తీసింది.

ప్రతి ఇంటి మడ్డికీ ఒక వాసన ఉంటుంది. తిరపతమ్మ ఇంటి సీసాలో చింతపండు పులుపు, ఎండుచేపల నీచు కలిసి ఉంటాయి. ఇంకో ఇంటి సీసాలో మెంతులు, పాలు విరిగిన వాసన. ఇన్ని నెలల్లో ఇందుమతి కళ్ళు మూసుకుని కూడా ఏ సీసా ఎవరిదో చెప్పగలిగేది. మాలకొండమ్మ సీసాలో అన్నం వాసన తప్ప ఇంకేమీ లేదు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. అంతా అన్నమే, ఉడికిన అన్నం. పసుపు లేదు, కారం లేదు, ఆకు ముక్క లేదు, నూనె చుక్క లేదు. అది కూడా ఒక మనిషి వదిలే మెతుకులు కావు. మడ్డి నిండా అన్నమే ఉంది.

అయిదుగురికి సరిపడా అన్నం వండుకుని, కూర మాటే ఎరగని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా?

ఇందుమతి కుర్చీలో వెనక్కి వాలింది. మడ్డి మారిందేమో, అన్నం ఒక్కటే దానికి పడుతోందేమో అని తనకు తను రకరకాలుగా సర్దిచెప్పుకుంది. మనసు ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి కన్న కల చేతికి అందినట్టే అంది, ఒక సీసా దగ్గర ఆగిపోతే ఎవరికైనా కోపం వస్తుంది. ఆమెకూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేసింది.

మర్నాడు మంగళవారం. బోడిదిన్నె మలుపులో మంగళవారం ఆమె దిగడం చూసి డ్రైవరు ఆశ్చర్యపోయాడు. అప్పుడే తెల్లవారుతోంది. ఊరి మీద ఒక్క ఇంటి కప్పు నుంచి కూడా పొగ లేదు. ఒకప్పుడు ఈ వేళకు ఊరంతా పొగ కమ్ముకుని ఉండేదని, అది తన వల్లే పోయిందని ఆమె అనుకుంటూ ఉండగా, ఊరికి దూరంగా చేల మధ్య సన్నటి పొగ కనిపించింది. అక్కడ ఉన్నది పాడుబడిన పొగాకు బ్యారన్. కప్పు కూలిపోయి, నాలుగు ఎత్తైన గోడలు మాత్రం నిలిచి ఉన్నాయి.

ఇందుమతి గట్ల మీదుగా అటు నడిచింది.

బ్యారన్ లోపల మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద సత్తు డేకిసా ఉడుకుతోంది. మాలకొండమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా, కంపపుల్లలు పొయ్యిలోకి ఎగదోస్తోంది. గోడల మధ్య పొగ ఎటూ పోలేక తిరుగుతోంది. ఆమె దగ్గుతూ తల తిప్పి చూసింది. గుమ్మంలో నిలబడిన మనిషిని గుర్తుపట్టాక దగ్గు కూడా ఆపేసుకుంది.

ఎవరికి ఇంత వండుతున్నారని అడిగింది ఇందుమతి.

"కుండకమ్మా," అంది మాలకొండమ్మ.

తరవాత ఇద్దరూ గోడ పక్కన రాళ్ళ మీద కూర్చున్నారు. దొరికిపోయిన దొంగలా తల వంచుకుని ఆమె అంతా చెప్పింది. చౌకబియ్యం తన వాటా చాలక, వద్దన్నవాళ్ళ దగ్గర కొనుక్కుని తెస్తోంది. కూలి డబ్బులు అటే పోతున్నాయి కాబట్టి కూర మానేసింది. వండింది కుండలో పోసి, తనకని ఒక ముద్ద ఉప్పేసుకుని తింటుంది. ఇంట్లో పొయ్యి వెలిగిస్తే పొగ ఊరికి కనబడుతుందని ఇక్కడికి వస్తోంది. మొగుణ్ణి మింగిన బ్యారన్‌లోనే కూర్చుని, పొగలేని దీపం కోసం పొగ మింగుతోంది.

"ఎందుకిలా చేశారు?" అంది ఇందుమతి. గొంతు కోపంగానే వచ్చింది.

"రెండు నెలలు ఎలగకపోతే తీసేస్తామని నువ్వే చెప్పావు గదమ్మా. తీసేస్తే నువ్వు మళ్ళా మా ఇంటికి ఎందుకొస్తావు?"

ఇందుమతికి వెంటనే అర్థం కాలేదు. కుండ పోతుందని భయపడిందేమో అనుకుంది. దీపం లేకపోతే కిరసనాయిలు బుడ్డి పెట్టుకోవచ్చు, అది ఆమెకు అలవాటే. దీపం కాదు ఆమె బాధ.

"శనారం వొస్తే నువ్వొస్తావు. కూకుంటావు. ఎట్టుండావని అడుగుతావు. వారం మొత్తం మీద నన్నడిగే మనిషివి నువ్వొక్కదానివే," అంది మాలకొండమ్మ.

"తిరపతమ్మ ఉంది, ఊరంతా ఉంది."

"ఇదివరకు పొయ్యేదాన్ని. కుడితి గిన్నె పట్టుకపోయి వాళ్ళ బర్రె తొట్లో పోసి, రెండు మాటలు మాట్టాడి, చల్ల పోయించుకుని వొచ్చేదాన్ని. ఇప్పుడు ఒట్టి చేతుల్తో ఎట్టా పోను, ఏం పనుండి పోను?"

బోడిదిన్నెలో పాడి లేని ఇల్లు తన కుడితిని పాడి ఉన్న ఇంటికి పోస్తుంది. తాతల కాలం నుంచీ వస్తున్న పద్ధతి అది. తెచ్చిన గిన్నెను ఖాళీగా పంపడం మర్యాద కాదు కాబట్టి, కడిగి, అందులో చల్ల పోసి ఇస్తారు. గిన్నెడు కుడితికి గిన్నెడు చల్ల అనే లెక్కా లేదు, ఎవరూ ఎవరికీ పెట్టినట్టూ కాదు. ఎంత ఒంటరి మనిషికైనా దినం ఒకసారి ఒకరి గడప తొక్కడానికి సాకు దొరికేది. కుండలు వచ్చాక ఎవరి కుడితి వారికి బంగారమైపోయింది. తొట్లు ఎండిపోయాయి. కుడితి లేక పాలు తగ్గిన బర్రెల్ని ఒక్కొక్కరే సంతకు తోలేశారు. ఇదంతా ఏడాదిగా ఇందుమతి కళ్ళ ముందే జరిగింది. ఆమె సీసాలు నింపుకుంటూ ఉండిపోయింది.

ఎవరికీ అక్కరలేని నీరు అని తను రాసిన వాక్యం గుర్తొచ్చి ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

"ఈ సంగతి రాయబాకమ్మా," అంది మాలకొండమ్మ. "నీకు దణ్ణం పెడతా. నాకేం కష్టంగా లేదు."

ఆ మాట అంటూనే మళ్ళీ దగ్గింది. దగ్గు తెరిపి ఇచ్చేదాకా ఇందుమతి ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చెయ్యి కింద ఎముకలు తగిలాయి.

ఇందుమతి తిన్నగా తిరపతమ్మ ఇంటికి వెళ్ళింది. బ్యారన్ సంగతి బయట పెట్టకుండా, మాలకొండమ్మది లాంటి ఒంటరి ఇళ్ళ కుండలు నిలబడాలంటే పక్కవాళ్ళు పూటకు ఒక చెంబెడు కుడితి సాయం చేస్తే బాగుంటుందని చెప్పింది. తిరపతమ్మ చెడ్డది కాదు. మాలకొండమ్మను వదినా అని పిలుస్తుంది, ఆమె పేరు వినగానే చూసి చాలా రోజులైందే అని నొచ్చుకుంది కూడా. కానీ కుడితి మాటకు కొంగు చివర మెలిపెట్టుకుంది.

"పిలకాయలు చదువుకునే టయానికి దీపం తగ్గుద్దేమోనని బయ్యం మేడమ్మా," అంది.

చీకట్లో పుట్టి చీకట్లో పెరిగిన మనిషి ఆ మాట అంటే తప్పు పట్టడానికి ఇందుమతికి మనసొప్పలేదు. గోడ మీద ఆ పిల్లల పుస్తకాలు వరసగా పేర్చి ఉన్నాయి. అవతల పెరట్లో తొట్టి బోర్లించి ఉంది, దాని మీద అత్త అప్పడాలు ఆరబెడుతోంది.

తిరుగు బస్సులో ఆమె రెండు దారులూ ఆలోచించింది. సంతకం పెడితే ఎన్ని వేల ఒంటరి ఇళ్ళకో గ్యాసు ఆగిపోతుంది, తీగ రాదు, కుండ ఒక్కటే మిగులుతుంది. కొన్ని రోజులు మిణుకుమని అది ఆరిపోతుంది. ఆరిందని పైకి చెప్పుకోలేని ఆడవాళ్ళు ఎన్ని బ్యారన్లు వెతుక్కుంటారో. నిజం రాస్తే మాలకొండమ్మ కుండ పోతుంది, దాంతో పాటు ఆమెకు ఉన్న ఒక్క శనివారమూ పోతుంది. ఎటు చూసినా ఆ మనిషికి మిగిలేది ఏమీ లేదు. ఇందుమతి ఆ బస్సులో ఏడ్చింది. పక్క సీటులో ఎవరూ లేరు కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కూడా తొందరపడలేదు.

నిజమే రాసింది. ఒక మనిషి ఉన్న ఇంటికి ఈ కుండ పనికిరాదనీ, బోడిదిన్నెలో వెలిగిన ఆ ఒంటరి ఇంటి కుండను ఒక స్త్రీ తన తిండి పోసి వెలిగించిందనీ, ఇలాంటి ఇళ్ళకు గ్యాసు ఆపకూడదు, తీగ మానకూడదనీ రాసింది. కుడితి పక్కింటి పశువుకు చెందిన సొత్తు అని ఇంకో పేరా రాసి, అది శాస్త్రం కాదని డైరెక్టరు కొట్టేస్తే మళ్ళీ రాసింది. ఆయనకు ఆమె మీద కోపం లేదు, బాధ ఉంది. ఎవరో ఒకామె మెతుకులు పోసిందని ఇంత పనిని నీళ్ళపాలు చేసుకుంటావా అని అడిగాడు. ఆమె రాసింది మార్చలేదు. కుండల పథకం ఆగిపోయింది. తీగ పథకం మాత్రం మానుకోలేదు, కానీ అది ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేదు. లాబ్‌లో ఆమె బల్ల చుట్టూ మూగే పిల్లలు ఇంకో బల్ల దగ్గర మూగడం మొదలుపెట్టారు.

నియమం ప్రకారం మాలకొండమ్మ కుండ తీసుకుపోవడానికి వ్యాను వెళ్ళింది. దానికి ముందే ఆ ఇంటికి గ్యాసు పొయ్యి, నిండు బండ చేర్చాలని ఇందుమతి పట్టుబట్టి సాధించింది. వ్యానులో తనూ వెళ్ళింది. ఆ రోజు శనివారం.

కుండను మోకులు కట్టి బయటికి దించుతుంటే ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆ గడపలో అంతమంది జనం నిలబడడం మాలకొండమ్మ మొగుడు పోయిన రోజు తరవాత ఇదే. తిరపతమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, వదినా ఇంత చిక్కిపోయావేంది అంటూ కళ్ళు ఒత్తుకుంది. వ్యాను కదిలాక ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. తిరపతమ్మ కూడా వంటవేళ అయిందని వెళ్ళిపోయింది.

ఇందుమతి వ్యాను ఎక్కలేదు. చాప మీద కూర్చుంది. ఈ రోజు చూడడానికి మీటరు లేదు, నింపడానికి సీసా లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. మాలకొండమ్మ ఎప్పటిలా మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టింది.

"నామీద కోపంగా ఉందా?" అని అడిగింది ఇందుమతి.

"నువ్వు రాయాల్సింది రాశావు," అంది మాలకొండమ్మ. కోపం ఉందో లేదో ఆ మాటలో తేలలేదు. ఉన్నా న్యాయమే అనుకుంది ఇందుమతి.

కాసేపటికి మాలకొండమ్మ లేచి వంట మొదలుపెట్టింది. గ్యాసు పొయ్యి తిప్పడం ఇందుమతి చూపించింది. నీలం మంట చప్పుడు లేకుండా వెలిగింది. మాలకొండమ్మ బియ్యం డబ్బా మూత తీసి, అలవాటు చొప్పున పెద్ద గిన్నె పట్టుకుని, గబగబా గుప్పెళ్ళు పోసింది. పోస్తూ పోస్తూ చెయ్యి ఆపేసింది. గిన్నెలోకి చూసింది. ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసింది, ఇంకోటి తీసింది, మళ్ళీ ఒకటి కలిపింది.

"ఇన్నాళ్ళూ దండిగా వొండి వొండి ఒక్కదానికి ఎంత పోసుకోవాలో మర్సిపోయినానమ్మా," అంది. నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నువ్వూ ఒంటిదానివేగా. నువ్వెంత పోసుకుంటావు?"

ఇందుమతి గిన్నె వైపు చూసింది. ఒక మనిషికి ఎన్ని బియ్యం కావాలో ఆమె ఎన్నడూ కొలిచింది లేదు. సంస్థ క్యాంటీన్లో ఎవరో కంచంలో పెట్టింది తిని లేచిపోవడమే ఇన్నేళ్ళూ.

"ఇవాళ ఇద్దరం ఉన్నాం కదా, ఇద్దరికి పొయ్యండి," అంది.

మాలకొండమ్మ ఆ మాటకు తల ఊపి, లెక్కగా పోసి, చెంబుతో నీళ్ళు పోసి కడిగింది. తెల్లటి కడుగు ఇంకో గిన్నెలోకి వంపింది. గిన్నె పట్టుకుని మూలకు నడిచి, అక్కడ కుండ లేదని గుర్తొచ్చి నిలబడింది. తరవాత బయటికి పోయి వాకిట్లో నేల మీద పారబోసింది. ఎండిన నేల ఒక్క క్షణంలో తాగేసింది.

ఆమె తిరిగి వచ్చి పొయ్యి మీద ఎసరు సరి చూసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇయ్యాలకంటే ఇద్దరం. మరి రేపటికి ఎంత పొయ్యమంటావమ్మా?"

శనివారాలైతే తను రావచ్చు, మిగతా ఆరు రోజులూ ఈ పొయ్యి మీద ఒక్కరికే ఉడకాలి అని అన్నం ఉడికేదాకా ఇందుమతి ఆలోచించింది. ఆ తరవాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఆ అన్నం తిన్నారు.